పాత మానిటర్‌తో ప్రొజెక్టర్ చేశా, ప్యానెల్ కాలిపోయింది! ఏలూరు డేరా సినిమాల నుంచి మన గోడ మీది బొమ్మ దాకా

ఈ ఎపిసోడ్ కొంచెం టెక్నాలజీ, కొంచెం హిస్టరీ, కొంచెం మా ఇంటి గొడవ. చేతిలో చూడండి, ఒక ఎల్‌సీడీ ప్యానెల్. పదిహేను అంగుళాలది, పాత కంప్యూటర్ మానిటర్‌లోంచి తీసింది. మధ్యలో గోధుమరంగు మచ్చ కనబడుతోంది కదా, అప్పడం మాడినట్టు. అది నా బీటెక్ థర్డ్ ఇయర్ తెలివితేటలకి గుర్తు. దాన్ని ఇప్పటిదాకా పారెయ్యలేదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు విషయం చెప్తా. మానిటర్ ప్యానెల్‌తో ప్రొజెక్టర్ చెయ్యడం అనేది 2000ల మొదట్లో ప్రపంచం మొత్తం మీద చాలామంది ఇళ్ళల్లో పట్టుకున్న పిచ్చి. అప్పట్లో షాపులో ప్రొజెక్టర్ కొనాలంటే మామూలు ఇంట్లో అయ్యే పని కాదు. ఎల్‌సీడీ మానిటర్లు మాత్రం చౌకవుతూ వచ్చాయి. దాంతో, మానిటర్ విప్పి, లోపల లైటు తీసేసి, వెనక నుంచి పెద్ద బల్బు వేసి, ముందు ఒక లెన్స్ పెడితే గోడ మీద సినిమా పడుతుంది కదా అని మొదలుపెట్టారు. ఆలోచన కరెక్టే. కానీ ఇది వాళ్ళు కనిపెట్టిన ఆలోచన కాదు. మన కొల్లేటి ఊళ్ళల్లో మా తాతయ్యకి కూడా తెలిసిన ఆలోచనే. ఆయన టూరింగ్ టాకీస్‌లో పనిచేశారు.

బొమ్మ వెనక దీపం

ఒక్క నిమిషం వెనక్కి వెళ్దాం. తోలుబొమ్మలాట చూశారా? కాకినాడ పక్కన మాధవపట్నంలో, అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ కళాకారుల కుటుంబాలు ఉన్నాయి. తోలుని బాగా గీకి, వెలుతురు దూరేంత పల్చగా చేసి, రంగులు వేసి, బొమ్మని తెల్లగుడ్డకి ఆనించి పట్టుకుంటారు. వెనక దీపం. ఇటువైపు జనం.

ఇప్పుడు మీ మానిటర్ చూడండి. దాని బొమ్మకి సొంత వెలుగు లేదు. ఎల్‌సీడీ ప్యానెల్ అంటే రంగుల తోలుబొమ్మ లాంటిదే, సెకనుకి అరవై సార్లు మారే తోలుబొమ్మ. వెనక దీపం ఆర్పితే ఏమీ కనపడదు. టూరింగ్ టాకీస్‌లో ఫిల్మ్ కూడా అంతే. మూడింట్లోనూ సూత్రం ఒకటే. వెలుగు దూరే బొమ్మ, దాని వెనక దీపం. ప్రొజెక్టర్ అయితే అదనంగా ముందు ఒక అద్దం. అద్దం అంటే లెన్స్.

అయితే తోలుబొమ్మలాటలో దీపానికీ బొమ్మకీ మధ్య దూరం ఉంటుంది, బొమ్మ సైజూ పెద్దదే. చిన్న బొమ్మని పెద్ద గోడంత చెయ్యాలంటే మాత్రం ఆ చిన్న బొమ్మ మీదే బోలెడంత వెలుగు కుమ్మరించాలి. వెలుగు కుమ్మరిస్తే వేడి ఊరుకుంటుందా? ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే. బొమ్మని చూపించే దీపమే బొమ్మని కాలుస్తుంది.

ఏలూరు డేరాలు, సోమవరప్పాడు కుర్రాడు

లూమియర్ సోదరుల సినిమా మన దేశంలో మొదటిసారి ఆడింది 1896 జులై 7న, బొంబాయి వాట్సన్ హోటల్లో. తెలుగువాళ్ళ చేతికి అది వచ్చిన కథలో ముందు చెప్పాల్సిన పేరు రఘుపతి వెంకయ్య. మచిలీపట్నం మనిషి. మద్రాసులో ఫోటో స్టూడియో నడిపేవాడు. 1910 ప్రాంతంలో ఆ స్టూడియోని తాకట్టు పెట్టి మరీ క్రోనోమెగాఫోన్ అనే మెషీన్ తెప్పించాడు. ఫిల్ముతో పాటు గ్రామఫోన్ ప్లేటు తిప్పి, బొమ్మకి మాట కలిపే మెషీన్ అన్నమాట. దాన్ని వేసుకుని ఊళ్ళు తిరిగాడు, బర్మా, సిలోను దాకా వెళ్ళాడు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతి సినిమా హాలు పెట్టింది 1921లో.

మరి హాలు లేని ఊళ్ళకి? డేరా. గుడ్డతో డేరా వేసి, లోపల మెషీన్ పెట్టి, కొన్నాళ్ళు ఆడించి, సర్దుకుని ఇంకో ఊరు వెళ్ళిపోవడం. మన ఏలూరులోనూ అలాంటి పాత డేరాల్లో మూకీ సినిమాలు ఆడేవి. ఆ డేరాల చుట్టూ తిరిగిన ఒక కుర్రాడి పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టాడు, రైతు కుటుంబం. చదువు మీద పెద్దగా ధ్యాస లేదు, నాటకాలన్నా డేరా సినిమా అన్నా ప్రాణం. ఇంట్లో అప్పులు పెరిగి పరిస్థితి తలకిందులైన టైంలో, జేబులో వంద రూపాయలతో బొంబాయి బండెక్కేశాడు.

ఆ కుర్రాడే ఎల్.వి.ప్రసాద్. పేరు మరీ పొడుగుందని బొంబాయిలో కుదించేశారట. తర్వాత జరిగింది వినండి. 1931లో హిందీలో మొదటి టాకీ ఆలం ఆరా, అదే ఏడాది తమిళంలో మొదటి టాకీ కాళిదాస్, 1932 ఫిబ్రవరి 6న విడుదలైన మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద, మూడింట్లోనూ చిన్న చిన్న వేషాలు వేశాడు. ఇంకెవరికుంది ఆ రికార్డు? తర్వాత డైరెక్టర్ అయ్యి పెళ్ళిచేసి చూడు, మిస్సమ్మ తీశాడు. స్టూడియో పెట్టాడు, ఫిల్మ్ ల్యాబ్ పెట్టాడు. 1982కి గాను దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. ఇదంతా ఏలూరు డేరాలో ఒక దీపం, ఒక బొమ్మ, ఒక గుడ్డ చూసి మొదలైంది.

డేరా లోపల పని

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు కొల్లేటి ఒడ్డున. తాతయ్య కుర్రతనంలో, 1950ల చివర్లో, ఒక టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్‌కి అసిస్టెంట్‌గా రెండు సీజన్లు చేశారు. వానలు వెనకబట్టాక డేరా కదిలేది. కరెంటు లేని ఊళ్ళు కాబట్టి జనరేటర్ కూడా వాళ్ళతోనే తిరిగేది. సాయంత్రం బండి మీద డప్పు కొట్టించి కరపత్రాలు పంచేవాళ్ళు. నేల టికెట్టు, బెంచీ టికెట్టు, కుర్చీ టికెట్టు. ఉన్నది ఒక్కటే మెషీన్. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. "ఇంటర్వెల్ ఒకటేంట్రా, మాకు డజను ఉండేవి" అంటారు తాతయ్య.

అప్పట్లో మెషీన్‌లో బల్బు ఉండదు. కార్బన్లుంటాయి. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి, డీసీ కరెంటు ఇచ్చి, కొసలు ఒకసారి ముట్టించి విడదీస్తే మధ్యలో మంట నిలబడుతుంది. సూర్యుణ్ణి చూసినట్టే, నల్లద్దం లేకుండా చూడకూడదు. కడ్డీలు కాలుతున్న కొద్దీ ఎడం పెరుగుతుంది, జరుపుతూ ఉండాలి. మర్చిపోతే తెర పసుపు పడుతుంది, డేరాలో ఈలలు మొదలవుతాయి.

ఆ మంట మొత్తం ఒక అంగుళం కంటే చిన్న బొమ్మ మీద పడుతుంది. ఫిల్మ్ సెకనుకి ఇరవైనాలుగు బొమ్మల చొప్పున పరిగెడుతోంది కాబట్టి బతుకుతుంది. ఇరుక్కుని ఆగిందా, అయిపోయింది. తెర మీదే కనిపిస్తుంది, మధ్యలో ఒక బుడగ లేచి, హీరో మొహం మీద కన్నం పడి, అంచులు ముడుచుకుపోవడం. 1950ల మొదటి దాకా చాలా ఫిల్ములు నైట్రేట్‌వి. అవి అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరవు. బ్రిటిష్‌వాళ్ళు 1918లో తెచ్చిన సినిమాటోగ్రాఫ్ చట్టంలో సెన్సారుతో పాటు లైసెన్సు, అగ్ని భద్రత కూడా ఉన్నాయంటే కారణం అదే. గుడ్డ డేరా, లోపల జనం, మధ్యలో అంటుకునే ఫిల్మ్. ఊహించుకోండి.

తాతయ్య ఎప్పుడూ ఒక మాట అంటారు. "జనం తెర చూస్తారు. ఆపరేటరు మాత్రం గేటు చూడాల్రా." గేటు అంటే ఫిల్మ్ మీద వెలుగు పడే చిన్న కిటికీ. చిన్నప్పుడు ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నానంతే, బుర్రకి ఎక్కలేదు.

నా మొదటి ప్రొజెక్టర్

థర్డ్ ఇయర్ సెలవుల్లో తాడేపల్లిగూడెంలో ఒక పాత సామాన్ల కొట్లో ఈ మానిటర్ దొరికింది. మూసేసిన నెట్ సెంటర్‌ది. విప్పా. వెనక ట్యూబుల్లాంటి లైట్లు, వెలుగుని పరిచే ప్లాస్టిక్ పలకలు, అవన్నీ తీసేస్తే గాజు పలక లాంటి ప్యానెల్ ఒక్కటే చేతిలో మిగులుతుంది. దాని అంచుకి వెంట్రుకల్లాంటి తీగల రిబ్బన్లు. అవి తెగితే అతికించలేం, బొమ్మలో నిలువు గీతలు శాశ్వతం. జాగ్రత్తగా బోర్డుని వెనక నుంచి పక్కకి మడిచా. ఇంకో తిరకాసు, కొన్ని మానిటర్లలో లోపలి లైటు తీసేస్తే బోర్డు అది గమనించి రెండు సెకన్లలో ఆఫ్ చేసేస్తుంది. నాది చెయ్యలేదు, అదృష్టం.

ఎంత వెలుగు కావాలో లెక్క చూడండి. ప్యానెల్‌కి అటూ ఇటూ పోలరైజర్ అనే పొరలుంటాయి. మొదటి పొర దగ్గరే సగం పైగా వెలుగు పోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు మింగేస్తాయి. పిక్సెల్స్ మధ్య నల్లగీతలు ఇంకొంచెం. మొత్తానికి వంద రూపాయల వెలుగు లోపలికి పంపితే బయటికొచ్చేది ఆరేడు రూపాయలు. మిగతాదంతా ఏమైంది? వేడి. ప్యానెల్ లోపలే.

నేనేం చేశాను? గోడౌన్లలో పెద్ద లైట్లు ఉంటాయి కదా, నాలుగొందల వాట్ల మెటల్ హలైడ్. అది తెచ్చా, చోక్, ఇగ్నైటర్‌తో సహా. ముప్పై వేల ల్యూమెన్స్ పైనే. దాని ముందు ఫ్రెనెల్ లెన్స్. ఇదో చిన్న హిస్టరీ. 1823లో ఫ్రాన్స్‌లో కోర్డువాన్ లైట్‌హౌస్‌లో ఆగస్టిన్ ఫ్రెనెల్ పెట్టించిన లెన్స్ ఆలోచనే ఇది. లావుపాటి లెన్సుని రింగులు రింగులుగా కోసి పల్చటి పలక చేసినట్టు. లైట్‌హౌస్‌లో అది వెలుగుని సముద్రం మీదకి పంపుతుంది, నా పెట్టెలో బల్బు వెలుగుని నిటారు చేసి ప్యానెల్ అంతా పరుస్తుంది. ప్యానెల్ తర్వాత ఇంకో ఫ్రెనెల్, ఆ వెలుగుని మళ్ళీ పోగుచేసి ముందున్న లెన్సులోకి తోస్తుంది. ఆ లెన్స్ ఫోకల్ లెంగ్త్ 320 మిల్లీమీటర్లు. ఏడున్నర అడుగుల దూరంలో ఆరడుగుల వెడల్పు బొమ్మ. లెన్స్ బొమ్మని తిరగేస్తుంది కాబట్టి ప్యానెల్ తలకిందులు పెట్టాలి, డేరాలో ఫిల్మ్ ఎక్కించినట్టే.

ప్లైవుడ్ పెట్టె రెడీ. అమ్మమ్మ వాళ్ళింటి వెనక గోడకి సున్నం వేయించా. సాయంత్రం చుట్టాలు, వీధి పిల్లలు అందరూ వచ్చారు. తాతయ్య కుర్చీ వేసుకుని పెట్టె దగ్గరికొచ్చి చెయ్యి పెట్టి చూశారు.

"ఏరా అబ్బాయ్, గేటు దగ్గర వేడి ఎంతొస్తుందో చూసుకున్నావా?"

"ఫ్యాన్ పెట్టాను తాతయ్యా. ఇది మీ కార్బన్ మెషీన్ కాదు, ఎల్‌సీడీ."

ఆ మాట ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

సినిమా మొదలైంది. అబ్బో, గోడంత బొమ్మ! పిల్లల కేకలు. పావుగంట గడిచింది. బొమ్మ మధ్యలో నల్లగా ఒక మబ్బు మొదలై మెల్లగా పెద్దదైంది. భయపడి ఆపేశా. చల్లారాక చూస్తే మచ్చ లేదు! బాగానే ఉంది కదా అని పది నిమిషాలాగి మళ్ళీ వెలిగించా. ఈసారి మబ్బొచ్చింది, పోలేదు. దానికింద గోధుమరంగు. కాలిన వాసన. జనం లేచి వెళ్ళిపోయారు. తాతయ్య ఏమీ అనలేదు. అదే ఇంకా బాధ.

ఆ నల్లమబ్బు ఏంటి?

దానికి జవాబు 1888లో ఉంది. ప్రాగ్‌లో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్ష శాస్త్రవేత్త, క్యారెట్ల నుంచి తీసిన కొలెస్టరాల్‌తో చేసిన ఒక పదార్థాన్ని వేడి చేశాడు. 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసక ద్రవమైంది. 178.5 దగ్గర ఆ మసక పోయి తేటగా అయిపోయింది. ఒకే పదార్థానికి రెండు కరిగే ఉష్ణోగ్రతలు! మధ్యలో ఉన్న ఆ మసక దశే లిక్విడ్ క్రిస్టల్. 1968లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ జార్జ్ హైల్‌మయర్ బృందం చేసిన డిస్‌ప్లేని లోకానికి చూపించింది. 1970లో స్విట్జర్లాండ్‌లో షాట్, హెల్ఫ్రిష్ కనిపెట్టిన మెలితిప్పే పద్ధతే నా మానిటర్‌లో ఉన్నది. బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎస్. చంద్రశేఖర్ బృందం 1977లో లిక్విడ్ క్రిస్టల్స్‌లో పూర్తిగా కొత్త రకాన్ని కనిపెట్టింది, అది వేరే ఎపిసోడ్‌కి సరిపడా కథ.

మెలితిప్పడం ఏంటంటే, ఆ రెండు పోలరైజర్లూ ఒకటి నిలువు దువ్వెన, ఒకటి అడ్డ దువ్వెన అనుకోండి. మొదటిది దాటిన వెలుగు రెండోది దాటలేదు. మధ్యలో లిక్విడ్ క్రిస్టల్ ఆ వెలుగుని మెలితిప్పి దాటిస్తుంది. వేడి దాని రెండో గీత దాటితే, మానిటర్లలో అది ఎనభై డిగ్రీల చుట్టుపక్కల, మెలిక పోతుంది. వెలుగు ఆగిపోతుంది. అదే నల్లమబ్బు. చల్లారితే మెలిక తిరిగొస్తుంది, అందుకే మొదటిసారి మచ్చ మాయమైంది. అంటే ప్యానెల్ నాకు ముందే చెప్పింది, ఇంక ఆపరా అని. రెండోసారి పోలరైజర్ ప్లాస్టిక్ పొరే మాడిపోయింది. అది తిరిగి రాదు. డేరాలో ఫిల్ముకి కన్నం పడటం, నా ప్యానెల్‌కి మచ్చ పడటం, రెండూ ఒకే కథ.

రెండో ఆట

ఉద్యోగం మానేసి ఈ ఛానల్ మొదలుపెట్టాక మళ్ళీ చేశా. ఈసారి మొదటి రోజు ప్లైవుడ్ కొయ్యలేదు, తాతయ్య పక్కన కూర్చున్నా. మీ మెషీన్‌లో గేటుని ఎలా కాపాడేవాళ్ళని అడిగా. ఫిల్మ్ ఆగితే వెలుగు కోసేసే షట్టర్ రేకు గురించి చెప్పారు. దాంతో మూడు మార్పులు చేశా. వంద వాట్ల ఎల్ఈడీ, దానికి పెద్ద హీట్‌సింక్. బల్బుకీ ప్యానెల్‌కీ మధ్య వేడిని ఆపే గాజు. ప్యానెల్ రెండు వైపులా గాలి, పైగా యాభై డిగ్రీలు దాటితే దీపం తనంతట తానే ఆగిపోయేలా ఒక సెన్సర్. తాతయ్య రేకు చేసే పనే అది, కోడ్‌లో రాశా అంతే.

వెలుగు మాత్రం తగ్గింది. పదివేల ల్యూమెన్స్ ఎల్ఈడీలో లెన్సుకి పట్టేది మూడో వంతు, దాంట్లో ప్యానెల్ దాటేది ఆరు శాతం. గోడకి చేరేది రెండొందలు కూడా ఉండదు. చీకటి పడాలి, వీధిలైటు తగలకూడదు. కానీ రెండున్నర గంటలు ఆగకుండా ఆడింది.

ఇక్కడే మీ జేబుకి సంబంధించిన మాట. ఆన్‌లైన్‌లో ఆరేడు వేలకి దొరికే ప్రొజెక్టర్లు చాలావరకు ఇవే. చిన్న ఎల్‌సీడీ ప్యానెల్, ఎల్ఈడీ, ఫ్రెనెల్. డబ్బా మీద వేలకి వేల ల్యూమెన్స్ రాస్తే ఈ ఆరు శాతం లెక్క గుర్తుతెచ్చుకోండి. ఆన్సీ ల్యూమెన్స్ ఎంతో చూడండి. అది రాయలేదంటే అనుమానించండి. "ఫోర్‌కే సపోర్ట్" అంటే ఫోర్‌కే ఫైల్ తీసుకుంటుందని అర్థం, ఫోర్‌కే చూపిస్తుందని కాదు. సొంతంగా చేద్దామనుకుంటే మాత్రం మెటల్ హలైడ్ జోలికి వెళ్ళకండి. ఇగ్నైటర్ కొట్టేది వేల వోల్టులు, బయటి గాజు పగిలితే వచ్చే అల్ట్రావయొలెట్ కళ్ళు తీసేస్తుంది. పాత మానిటర్ బోర్డుల్లో కూడా ప్లగ్ పీకాక కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

కళ్ళు అన్నాను కదా. ఎల్.వి.ప్రసాద్ పేరు మనలో చాలామంది ముందు విన్నది సినిమాల్లో కాదు, కంటాసుపత్రి బోర్డు మీద. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సంస్థకి ఆయన కోటి రూపాయలు, అయిదెకరాల స్థలం ఇచ్చాడు. వెలుగుతో సంపాదించిన మనిషి చూపు కోసం ఇచ్చాడు. మా తాతయ్యకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయ్యింది. ఆ తర్వాతే ఈ రెండో ఆట పెట్టా.

అదే గోడ, అదే సున్నం. మిస్సమ్మ వేశా, ఏలూరు డేరా కుర్రాడు తీసిన సినిమా కదా అని. ముందువరసలో కుర్చీ వేశా, కొత్త కళ్ళజోడు పెట్టా. కాసేపటికి తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. కంగారుగా వెతికితే నా వెనకే ఉన్నారు, పెట్టె పక్కన స్టూలు మీద. అందరూ గోడ చూసి నవ్వుతున్నారు. ఆయన మాత్రం ప్యానెల్ వైపే చూస్తున్నారు.

"సినిమా చూడండి తాతయ్యా, సెన్సర్ ఉంది."

"నువ్వెళ్ళి చూడరా. ఈ ఒక్క ఆటకి నేనుంటా ఇక్కడ."

నేను వెళ్ళి నేల మీద కూర్చున్నా. నేల టికెట్టు అన్నమాట. కాలిన ప్యానెల్ మాత్రం ఇలా నా టేబుల్ మీదే ఉంటుంది, తెర చూసి మురిసిపోయినప్పుడల్లా గేటు గుర్తుచెయ్యడానికి.

మీ ఇంట్లోనో వీధిలోనో టూరింగ్ టాకీస్‌లో పనిచేసిన పెద్దవాళ్ళు ఉంటే ఈ వారం ఒక్కసారి పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, సినిమాల గురించి కాదు, మెషీన్ గురించి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి, ఆయ్.